మా ఆయనా, గుర్వయ్య గొంతూ

మా ఇంట్లో బియ్యం డ్రమ్ములో చెయ్యి పెడితే క్యాసెట్ తగులుతుంది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడతారు, నాకు మాత్రం అలవాటైపోయింది. తేమ పట్టిన టేపును బియ్యంలో పెడితే ఆరుతుందని మా ఆయన పరశురాములు ఎక్కడో విన్నాడు. టేపు ఆరిందో లేదో తెలియదు గానీ, ఆ ఏడాదంతా మా అన్నం పాత బీరువా వాసన వచ్చింది. ఇదేం పనని అడిగితే, జర ఓర్చుకోమనీ ఇది మామూలు క్యాసెట్ కాదనీ అన్నాడు. ఆయన చేతిలో మామూలు క్యాసెట్ అన్నది నేను ఇంతవరకు చూడలేదు.

నేను నల్లగొండలో సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. ఆయనకు బస్టాండు దగ్గర దుకాణం. నార్కట్‌పల్లి అవతల గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టినవాడు. చిన్నప్పుడు మందను తోలుకొని పొమ్మంటే చంకలో రేడియో పెట్టుకొని పోయేవాడట. సాయంత్రానికి రేడియో క్షేమంగా ఇంటికి చేరేది, గొర్రెలు చేరేవి కావు. వీడు మందకు పనికిరాడని వాళ్ళ బాపు టౌనుకు తోలేశాడు. ఇక్కడికొచ్చి రికార్డింగ్ సెంటర్ పెట్టాడు. ఖాళీ క్యాసెట్ ఇచ్చి ఏయే పాటలు కావాలో చెబితే నింపి ఇచ్చేవాడు. కాలేజీ రోజుల్లో నేనూ ఒకటి ఇచ్చాను. సినిమా పాటలన్నీ అయ్యాక, చివర్లో నేను అడగని ఒగ్గుకథ ముక్కొకటి అతికించి ఇచ్చాడు. తిట్టిపోద్దామని వెళ్ళాను. ఆ తిట్టడం ఇంకా అయిపోలేదు.

ఒగ్గు అంటే చేతిలో పట్టుకుని వాయించే డమరుకం. దాన్ని మోగిస్తూ, డోలూ తాళాలూ తోడుగా, మల్లన్న కథో బీరప్ప కథో చెబుతారు. రాసిపెట్టిన పుస్తకం ఉండదు. కథ అందరికీ తెలిసిందే, కానీ చెప్పేవాడు ఆ పూట తనకు తోచినట్టు అల్లుకుంటూ పోతాడు. నిన్న చెప్పినట్టు ఈరోజు చెప్పడు, చెప్పమన్నా చెప్పలేడు. అందుకే ఒక మంచి కథకుడు ఒక జాతరలో చెప్పింది టేపుకెక్కితే ఉన్నట్టు, లేకపోతే గాలిలో కలిసినట్టే. ఈ ఒక్క మాట మా ఆయన బుర్రలో దూరి కూర్చుంది. అది తప్ప ఇంకేం దూరలేదు.

క్యాసెట్ల కాలం పోయింది. సీడీల కాలం వచ్చి అదీ పోయింది. ఆయన ఫోన్లకు చిప్పుల్లో పాటలు ఎక్కించే పని మొదలుపెట్టాడు. తెలంగాణ వచ్చాక ఒగ్గుడోళ్ళకు గిరాకీ పెరిగింది. మీటింగు ఉంటే డోలు, ఊరేగింపు ఉంటే డోలు. పాలమూరు దిక్కు నుంచి మందలు తోలుకొని నెలల తరబడి తిరిగే కాపరులు దుకాణం ముందు నిలబడి, కొత్తవి వద్దు, పాత కథలు ఎక్కించమని అడిగేవాళ్ళు. ఆ పాత కథలన్నీ అటకల మీదా, పోయినవాళ్ళ ట్రంకుపెట్టెల్లో బట్టల కిందా ఉన్నాయి. మా ఆయన వాటి వెంట పడ్డాడు. అమెరికాలో జాజ్ సంగీతం పాత రికార్డులను ఇలాగే వెతికి, గీతలూ దుమ్మూ తీసి, మళ్ళీ విడుదల చేసేవాళ్ళున్నారని ఫోన్లో ఏదో వీడియో చూశాడు. ఆ రోజు ఆయన మొహం వెలిగిపోయింది. "చూసినవా, నా లెక్క పిచ్చోళ్ళు దునియాల మస్తు మంది ఉన్నరు" అన్నాడు. వాళ్ళ పెళ్ళాలు ఏమంటున్నారో కూడా ఆ వీడియోలో చెబుతారేమో చూడమన్నాను.

ఆయన క్యాసెట్లు సంపాదించే తీరు బయటికి చెబితే మమ్మల్ని ఎవరూ గడప తొక్కనివ్వరు. పెండ్లికి పోతే తలంబ్రాల వేళకు మనిషి కనిపించడు. వెతికితే మగపెళ్ళివారి ఇంటి అటక మీద నెత్తినిండా బూజుతో దొరుకుతాడు. పరామర్శకు పోతే ముందు కళ్ళు తుడుచుకుంటాడు, తర్వాత పోయినాయనకు టేపు వినే అలవాటుండెనా అని మెల్లగా కదుపుతాడు. ఒకసారైతే క్యాసెట్లకు స్టీలు గిన్నెలిస్తానని ఊళ్ళో సైకిల్ మీద కేకలేస్తూ తిరిగాడు. ఆ గిన్నెలు మా అమ్మ నాకు పెట్టినవి. ఎవరో తెలివైన ఇల్లాలు పిల్లల ఇంగ్లీషు పద్యాల క్యాసెట్లు అంటగట్టి నా పెద్ద గంజు గిన్నె పట్టుకుపోయింది. కోపమొచ్చి నేను మాట్లాడటం మానేస్తే, ఇల్లు నిమ్మళంగా ఉందని ఇంకో రెండు టేపులు శుభ్రం చేసుకున్నాడు.

అన్నిటికంటే ఆయన ప్రాణం పెట్టింది గుర్వయ్య టేపు మీద. పానగల్ గుర్వయ్య అంటే ఒగ్గుకథలో చాలా పెద్ద పేరు. మా పెండ్లికి ముందే పోయాడు. ఆయన కథ టేపుకెక్కింది ఒక్క బీరప్ప జాతరలోనే. దానికి నకళ్ళు, నకళ్ళకు నకళ్ళు తీసి జిల్లా అంతా అమ్మారు. అందులో గుర్వయ్య గొంతు సూదిలా సన్నం, కథ ఒకటే పరుగు. ఆ గొంతంటే జనానికి పిచ్చి. కొత్తగా నేర్చుకునేవాళ్ళంతా మెడనరాలు బిగబట్టి సన్నగా పాడటం మొదలుపెట్టారు. నరసింహ అనే కథకుడు ఆ గొంతును అచ్చు దింపి, చిన్న గుర్వయ్య అని బ్యానర్లే వేయించుకున్నాడు.

అసలు టేపు పెద్దులు మామ దగ్గర ఉందని తెలిసింది. పెద్దులు మామ మా ఆయనకు దూరపు చుట్టం, ఇప్పటికీ మంద మేపుతున్న మనిషి, ఆ జాతరలో టేపురికార్డరు పట్టుకొని కూర్చుని రికార్డు చేసింది ఆయనే. ముట్టుకోనివ్వనన్నాడు. మా ఆయన పొద్దంతా మంద వెంట తిరిగాడు, వాళ్ళ బాపు బతిమాలినా చేయని పని. చివరికి పెద్దులు మామ ఒక షరతు పెట్టాడు. కథ ముగిసి జనం లేచిపోయాక, టేపులో ఇంకా జాగా ఉందని ఆయనే నాలుగు పాటలు పాడి పెట్టుకున్నాడు. గుర్వయ్య కథతో పాటు ఆ పాటలు కూడా విడుదల చేయాలి. మా ఆయన వాటిని విన్నాడు. చెవిలో దోమ దూరినట్టు ఉన్నాయి. అయినా అమృతంలా ఉన్నాయని చెప్పి టేపు తెచ్చుకున్నాడు.

ఆ టేపుకు చేసిన సేవ నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా చేయలేదు. స్పిరిట్లో దూది ముంచి బూజు తుడిచాడు, తెగినచోట సన్నటి పట్టీతో అతికించాడు, బుస్సుమనే చప్పుడంతా కంప్యూటర్లో తీసేశాడు. చిప్పుల్లో ఎక్కించాడు, యూట్యూబులో పెట్టాడు. ఎక్కడెక్కడి కాపరులో ఫోన్లు చేసి దండాలు పెట్టారు. ఆయన నడక మారిపోయింది. ఇంత చేశాక గుర్వయ్య భార్యకు వినిపించకపోతే పాపమని ఒక శాలువా కొని, ఆదివారం పూట నన్ను కూడా పానగల్ బయలుదేరదీశాడు.

గుర్వయ్య భార్య లక్ష్మీనర్సమ్మ కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. మోకాళ్ళు పట్టేసి మంచం దిగాలంటే కోడలు చెయ్యి ఇవ్వాలి. మా ఆయన శాలువా కప్పి, ఫోను మంచం మీద పెట్టి కథ మొదలుపెట్టాడు. ఆమె కదలకుండా విన్నది. మెచ్చుకుంటుందని మా ఆయన మొహం ముందుకు పెట్టి కూర్చున్నాడు.

"గీన ఎవలు బిడ్డా?" అంది ఆమె.

మా ఆయన నవ్వి, గుర్వయ్య తాతే గదవ్వా అన్నాడు. కాదు, నా మొగడు కాదు అంది. కోడలు కల్పించుకుని, అత్త ఎప్పుడూ ఇట్లనే అంటుందనీ, వయసు మీద పడిందనీ మాతో మెల్లగా చెప్పింది. మా ఆయన ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. ఇది అసలు టేపనీ, నకలు కాదనీ, పెద్దులు మామ చేత్తో చేసిందనీ ముసలామెకు సాక్ష్యాలు చెప్పబోయాడు. ఆమె ఆయనను వదిలేసి నా వైపు తిరిగింది.

"హోటల్ల గిదే ఏస్తరు, జాతర్ల గిదే ఏస్తరు. గీనె నీ మొగడంటరు. ఇని ఇని ఆయన గొంతు నా చెవులకెల్లి పోతాంది బిడ్డా. జర యాది చేసుకుందామంటే గీ సన్నగొంతే అడ్డమొస్తాంది. ఒక్కసారి ఆయన మాట ఇంటే సాలు నాకు."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తిరుగు బస్సులో ఆయన పక్కన కూర్చోబుద్ధి కాక వేరే సీట్లో కూర్చున్నాను. ఆయన వెనక సీటు నుంచి వంగి నల్లగొండ దాకా వాదిస్తూనే ఉన్నాడు. టేపు అబద్ధం చెప్పదట, మనిషికే మతిమరుపట. నీ గురకను ఎవరైనా పక్క ఊళ్ళో పెట్టి వినిపించినా ఇది మా ఆయనదేనని చెబుతాను, ఆమె చెప్పలేదా అని అడిగాను. బస్సులో అందరూ నవ్వారు.

ఆ తర్వాత కొద్దిరోజులకు, తన పాటలకు జనం ఏమంటున్నారో కనుక్కుందామని పెద్దులు మామ మా ఇంటికొచ్చాడు. జనం ఏమీ అనడం లేదన్న సంగతి దాచి నేను చాయ్ ఇచ్చాను. ఆయన ఉత్సాహంగా ఆ జాతర ముచ్చట ఎత్తుకున్నాడు. అప్పుడు టేపురికార్డరుకు వేసే కొత్త బ్యాటరీ సెల్లులు దొరకలేదట. టార్చిలైట్లలో అయిపోయిన సెల్లులు ఊరంతా తిరిగి ఏరుకొచ్చాడట. వాటిని పొద్దంతా బండరాయి మీద ఎండబెట్టి, పంటితో నొక్కి, టేపురికార్డరులో వేసి కథంతా లాగించాడట. మా దిక్కు ఇది అందరూ చేసిన పనే. మా ఇంటి మీద కూడా వడియాల పక్కన సెల్లులు ఎండేవి. ఎండిన సెల్లుకు కాస్త ప్రాణం వస్తుంది, గంటకో రెండు గంటలకో నీరసపడుతుంది. పెద్దులు మామ తన తెలివికి తానే మురిసిపోతున్నాడు. మా ఆయన చేతిలో చాయ్ గ్లాసు మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

నీరసపడ్డ సెల్లులతో టేపు మెల్లగా తిరుగుతుంది. మెల్లగా తిరిగేటప్పుడు పట్టిన గొంతును మంచి కరెంటు మీద వినిపిస్తే టేపు ఉరుకుతుంది, గొంతు సన్నబడుతుంది. సగం జీవితం రికార్డింగ్ సెంటర్ నడిపిన మనిషికి ఇది తెలియనిది కాదు. ఆ గొంతు మీది మోజులో తట్టలేదు, అంతే. జిల్లా అంతా తలలూపిన ఆ సూదిగొంతు గుర్వయ్యది కాదు, ఎండబెట్టిన సెల్లులది. పాపం నరసింహ ఇన్నేళ్ళుగా మెడనరాలు తెంపుకొని అనుకరిస్తున్నది సెల్లులను. ఇది తలుచుకుని నేను వంటింట్లోకి పోయి కడుపు పట్టుకుని నవ్వాను. బయటికొచ్చేసరికి మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. ముసలామెను మతిలేనిదాన్ని చేసిన్నే అన్నాడు. నవ్వు ఆగిపోయింది నాకు.

మరి టేపును ఎంత నెమ్మది చేయాలి? తోచినట్టు చేస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. ఆయన రోజుల తరబడి దాని గురించే ఆలోచిస్తూ, కూరలో ఉప్పు లేదని కూడా అనకుండా తిన్నాడు. చివరికి ఆయనకే తట్టింది. గొంతు మారుతుంది, డోలు తోలు ఎండకు బిగుస్తుంది, వానకు వదులవుతుంది. కంచు తాళాలు మాత్రం ఎప్పుడు కొట్టినా ఒకటే మోత. టేపులో మోగిన ఆ తాళాలు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు. ఆ మేళం సామానంతా గుర్వయ్య ఇంట్లోనే ఉండేదని పెద్దులు మామ చెప్పాడు.

మళ్ళీ పానగల్ పోయాం. తాళాలు దేవుని అర్రలో పసుపు గుడ్డలో కట్టి ఉన్నాయి. ఆదివారం ఆదివారం ఊదుపొగ వేయడమే తప్ప ఎవరినీ ముట్టనివ్వదట లక్ష్మీనర్సమ్మ. మా ఆయన ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, తప్పు నాదే అవ్వా అని చెప్పి, సెల్లుల సంగతి మొత్తం విప్పాడు. ఆమెకు ఎంత అర్థమైందో గానీ, తనకు మతి పోలేదన్న ముక్క మాత్రం అర్థమైంది. కోడలి వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు చాలా ఏళ్ళ నుంచి దాచుకున్నది. తాళాలు తెప్పించుకుని తన చేత్తోనే కొట్టింది. మా ఆయన ఆ మోతను ఫోన్లో పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆ మోతా టేపులోని మోతా కలిసేదాకా టేపును తగ్గించుకుంటూ పోయాడు. సెల్లులు పోనుపోను నీరసపడ్డాయి కదా, మొదట్లో కొద్దిగా తగ్గిస్తే సరిపోయింది, చివరికొచ్చేసరికి చాలా తగ్గించాల్సి వచ్చింది. ఏ ముక్కకు ఎంతో లెక్క కట్టి ఇచ్చింది నేనే. లెక్కల టీచర్ని చేసుకున్నందుకు మా ఆయన సంతోషపడటం అదే మొదలు. అన్నీ కుదిరాక వినిపించాడు. బొంగురుగా, బరువుగా, ఏ తొందరా లేని ఒక మగగొంతు మా ఇంట్లో మాట్లాడింది. ఎవరో చుట్టపాయన వచ్చి కూర్చున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను.

అది పట్టుకుని గమ్మున ఉంటే మా ఆయన ఎందుకవుతాడు? మరునాడే దుకాణంలో పెద్దగా మోగించాడు. సాయంత్రానికి నరసింహ, వెనకాలే పెద్దులు మామ దిగారు. గుర్వయ్యను బర్రెను చేసినవని నరసింహ మండిపడ్డాడు. ఇది బయటికొస్తే చిన్న గుర్వయ్య బ్యానర్లు చింపుకోవాల్సిందే, ఆయన బాధ అది. పెద్దులు మామ టేపు నాది, నా మాట లేకుండా బయటపెట్టడానికి లేదని అడ్డం తిరిగాడు. ఆయన బాధ ఏమిటో మొదట నాకు అంతుపట్టలేదు. చాయ్ తాగించి అడిగితే బయటపడింది. గుర్వయ్యను ఏమైనా చేసుకోమన్నాడు, తన నాలుగు పాటలను మాత్రం ముట్టొద్దన్నాడు. ఆ సన్నగొంతుతో తాను కోకిలలా ఉన్నానని ఊళ్ళో చెప్పుకున్నాడట. ఆ పాటల జోలికి పోమని నేను పూచీ పడ్డాను.

నరసింహ మాత్రం లొంగలేదు. ముసలామెనే అడుగుదాం, కాదంటే ఇది తీసేయాలన్నాడు. ఆమె ఏది వినిపించినా నా మొగడు కాదంటుందని పానగల్‌లో అందరికీ తెలుసు, అదే ఆయన ధీమా. మా ఆయన సరేనన్నాడు. తర్వాత నాతో మెల్లగా, నిజంగనే కాదంటే ఎట్లనే అన్నాడు. ఆయన భయం టేపు గురించి కాదు. ఆమె ఈసారి కూడా కాదంటే, ఆ గొంతు ఆమె చెవుల్లోంచి పూర్తిగా పోయినట్టే. ఇంకెవరూ తెచ్చి ఇవ్వలేరు.

నలుగురం పానగల్ పోయాం. కోడలు చాప పరిచింది. మా ఆయన ఫోనుకు చిన్న స్పీకరు తగిలించి మంచం మీద పెట్టాడు. ఈసారి శాలువా లేదు, సాక్ష్యాలు లేవు. డోలు మోగింది, తాళాలు మోగాయి, గుర్వయ్య కథ ఎత్తుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ మొహంలో ఏమీ కదలలేదు. కథ సాగుతూనే ఉంది, ఆమె గోడ వైపు చూస్తూనే ఉంది. నరసింహ మా ఆయన వైపు చూసి కనుబొమ్మలెగరేశాడు. నాకు నరసింహను గిచ్చాలనిపించింది.

బీరప్ప పెండ్లి ముచ్చట మధ్యలో గుర్వయ్య ఆగాడు. జనంతో కాదు, పక్కనున్న ఎవరితోనో అన్నట్టు, "ఏమే, జర నీళ్లియ్యి" అన్నాడు.

"ఆఁ, తెస్తున్న" అంది లక్ష్మీనర్సమ్మ.

మంచం పట్టె పట్టుకుని తనంతట తానే లేచింది. కోడలు చెయ్యి అందివ్వబోతే చూడను కూడా లేదు. గోడ ఆసరాతో లోపలికి పోయింది. బిందె మూత తీసిన చప్పుడు, చెంబు ముంచిన చప్పుడు మాకు వినిపించాయి. ఈ మాట సన్నగొంతు టేపులో కూడా ఉంది, మొదటిసారి వచ్చినప్పుడు అదీ ఆమె విన్నది. అప్పుడు కదలలేదు. మా ఆయన టేపు ఆపేశాడు. నరసింహ తల దించుకున్నాడు. పెద్దులు మామ తువాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆమె చెంబు నిండా నీళ్ళతో వచ్చి గడపలో ఆగింది. మా నలుగురినీ చూసింది, మంచం మీది ఫోనును చూసింది. ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు కుప్పకూలుతుంది అనుకుని నేను లేచి నిలబడ్డాను. ఆమె మా ఆయన మీద విసుక్కుంది.

"ఎందుకు బంద్ చేసినవు? నీళ్లు తాగి, గొంతు సవరిచ్చుకొని, మల్ల అందుకుంటడు. నడవనియ్యి."

మా ఆయన నడవనిచ్చాడు. కాసేపు డోలు ఒక్కటే మోగింది. తర్వాత ఒక దగ్గు, గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చాయి. గుర్వయ్య ఆపినచోటి నుంచే కథ అందుకున్నాడు. ఆమె మంచం మీద కూర్చుని, చెంబు ఒళ్ళో పట్టుకుని, చివరిదాకా విన్నది.